మూడు రంగుల సభ

కువైట్‌లోని ఫర్వానియాలో ఏదో కంపెనీ స్టోర్సులోనో, లెక్కల విభాగంలోనో ఏళ్ల తరబడి చేస్తున్న మనవాళ్లకు పని దగ్గర బెరుకుండదు. వారం మొదట్లో జరిగే మీటింగులో లేచి నిలబడి, కువైటీ మేనేజరు, ఈజిప్టు ఇంజనీరు, మలయాళీ అకౌంటెంటు వింటుండగా పని ఎందాకా వచ్చిందో చెప్పమంటేనే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ గదిలో ఇంగ్లిషు ఎవరికీ ఇంటి భాష కాదు. అయినా అందరికీ వచ్చేసినట్టూ, తనకొక్కడికే రానట్టూ ఉంటుంది.

దీనికి కువైట్‌లో చాలామంది పట్టే దారి, నలుగురిలో మాట్లాడటం అలవాటు చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు. చేరితే ధైర్యం వస్తుందని అందరూ చెబుతారు. ఆ సభను ఎంత నేర్పుగా అల్లారో మాత్రం ఎవరూ చెప్పరు. అల్లినవాడు రాల్ఫ్ స్మెడ్లీ. 1905లో ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్ వైఎంసీఏలో కుర్రాళ్లు మాట్లాడలేక తడబడటం చూసి మొదలుపెట్టాడు. ఇప్పుడున్న సంస్థకు మూలమైన క్లబ్బు 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని సాంటా ఆనాలో పుట్టింది.

కొత్త సభ్యుడి మొదటి ప్రసంగం నాలుగు నుంచి ఆరు నిమిషాలు, విషయం తన గురించే. మరిచిపోతానన్న భయానికి అక్కడే సగం చోటు లేకుండా చేశారు. నాలుగో నిమిషానికి పచ్చ దీపం, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు. దీపాలు లేని చోట రంగు అట్టలు. ఇక చాలని ఎవరూ నోరు తెరిచి అనరు. నాకు మరీ నచ్చేది పచ్చ రంగు. కంగారుపడేవాడు ఎక్కువసేపు మాట్లాడడు, పరిగెత్తుతాడు. చెప్పాలనుకున్నదంతా అయిపోయినా పచ్చ వెలగకపోతే, తను ఎంత తొందరపడ్డాడో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

మరొకాయన కాగితం మీద గీతలు పెడుతూ కూర్చుంటాడు. ‘ఆఁ’, ‘అంటే’, ‘అదే’, కువైట్‌లో నాలుగేళ్లున్నవాడైతే అరబ్బీ ‘యానీ’, ఊతపదం దొర్లినప్పుడల్లా ఓ గీత. చివర్లో లేచి లెక్క చదువుతాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రసంగమంటే హడలిపోయే కొత్త సభ్యుడికి ముందు అప్పగించేది తరచూ ఇలాంటి పనే. సమయం చెప్పడమో, గీతలు లెక్కపెట్టడమో కదా అనుకుని ఒప్పుకుంటాడు. తీరా చూస్తే తన మొదటి ప్రసంగం నాటికి అదే సభ ముందు ఎన్నోసార్లు నిలబడి ఉంటాడు.

తెలుగువాడికి అవధానం గుర్తుకు రాక మానదు. పృచ్ఛకులందరికీ తలా ఒక పని, గంటలు కొట్టడం, అక్షరం నిషేధించడం. కాకపోతే అక్కడ భారమంతా ఒక్క అవధానిదే. ఇక్కడ ఆ భారాన్ని అందరికీ పంచారు. ప్రసంగాన్ని రెండు మూడు నిమిషాల్లో విమర్శించేవాడికి కూడా పైన ఇంకో విమర్శకుడు ఉంటాడు.

లోపాల్లేవని కాదు. ప్రతిదానికీ చప్పట్లే. విమర్శలో మెచ్చుకోలు పాకం ఎక్కువై అసలు తప్పు కనపడకుండా పోయే సందర్భాలూ ఉంటాయి. పైగా ఇది శుక్ర, శనివారాలు చేతిలో ఉన్న ఆఫీసు ఉద్యోగులకే అందుతుంది. ఖాదిం వీసా మీద ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు ఆ తీరిక ఎక్కడిది?

ఆఫీసుకు అన్నిటికన్నా పనికొచ్చేది ‘టేబుల్ టాపిక్స్’. అప్పటికప్పుడు ఒక ప్రశ్న వేస్తారు, నిమిషం నుంచి రెండు నిమిషాల్లో జవాబు చెప్పి కూర్చోవాలి. షువేఖ్ పోర్టులో సరుకు ఎందుకు ఆగిందని మేనేజరు హఠాత్తుగా అడిగినా దొరికే సమయం అంతకు మించదు. కొత్తవాడు కారణాలతో మొదలుపెట్టి ఎరుపు వెలిగేదాకా వాటిలోనే తిరుగుతుంటాడు. కొన్ని వారాలు ఆ రెండు నిమిషాల దెబ్బ తిన్నవాడు మాత్రం సరుకు ఎప్పుడొస్తుందో మొదటి ముక్కలోనే చెప్పేసి, కారణాలు అడిగితే చెబుదామని ఊరుకుంటాడు.