మెలిక తిప్పే సుఖం

ధనుర్మాసం వచ్చేసరికి నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు పూతకొస్తాయి. తోటల వాళ్ళ చూపంతా కొమ్మల మీదే. తేనెమంచు పట్టిందా, పూత నిలుస్తుందా, కాపు ఎంత? అదే వేళ అవే ఊళ్ళలో వాకిట్లో వంగిన ఆడవాళ్ళ పనికి మాత్రం కాపు లెక్క లేదు. తెల్లవారుజామున వేసిన ముగ్గు పొద్దెక్కేసరికి పాలబండి చక్రాల కింద పోతుంది. పోతుందని తెలిసే వేస్తారు, వేయడంలో ఉన్న సుఖం కోసం వేస్తారు. నన్నడిగితే మెలికల ముగ్గును మించిన చిత్రకళ లేదు.

ఆ పనితనం చూడండి. కళ్ళాపి చల్లాక తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే మొదలెట్టాలి. మరీ తడిగా ఉంటే పిండి ముద్దకడుతుంది, ఎండితే గాలికి లేస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి. వేళ్ళు వదులుతుంటాయి, మణికట్టు నడిపిస్తుంటుంది. ‘15 చుక్కలు, సందు చుక్క 8 వరకు’ అంటే నడిమి వరుసలో 15, అటూ ఇటూ వరుసకొకటి తగ్గుతూ 8కి దిగాలి. మొత్తం 169 చుక్కలు. అవి సమంగా పడకపోతే మెలిక తిరగదు. గీత ఏ చుక్కనూ తాకకూడదు, ఏ చుక్కనూ వదలకూడదు. అన్నిటినీ చుట్టి బయలుదేరిన చోటే కలవాలి.

పుస్తకం చూడకుండా, పక్కింటావిడతో కబుర్లాడుతూనే ఇదంతా తిప్పేసే పెద్దమ్మలున్నారు. పిండి కోసం చెయ్యి ఎత్తి మళ్ళీ అందుకుంటే అతుకు వెతికినా కనపడదు. గీత తప్పితే చెరపరు, ఆ తప్పులోంచే ఇంకో మెలిక లాగుతారు! కనుమనాడు రథం ముగ్గు వేసి దాని తాడును పక్కింటి రథానికి కలిపేస్తారు. ముగ్గులోని లెక్క తక్కువదేం కాదు. మన మెలికల ముగ్గుకు తోబుట్టువైన తమిళుల కోలం మీద మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆచార్యులు గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి 1970ల్లోనే గణిత పరిశోధన చేశారు. బియ్యప్పిండి ముగ్గు చీమలకు తిండి అని పెద్దలంటారు. ఇప్పుడు ఎక్కువగా ముగ్గురాయి పొడే.

ఆ పొడి పట్టే చేతులే కరువవుతున్నాయి. గుమ్మం ముందు ప్లాస్టిక్ స్టిక్కరు, గచ్చు మీద పెయింటు! చిల్లుల గొట్టం దొర్లిస్తే చాలు, పువ్వు పడిపోతుంది. అందులో వేసిన చెయ్యేది? చెరగని ముగ్గు ముగ్గెలా అవుతుంది, రేపు వేసుకోవడానికి చోటేది? పోటీల వాళ్ళకు కోపమొచ్చినా సరే చెబుతాను. బస్తాల కొద్దీ రంగులు పోసి ఫొటో కోసం నింపే ముగ్గుల కంటే, చీకట్లో ఎవరూ చూడకుండా తిప్పిన ఒక్క తెల్ల మెలిక నాకు గొప్పది.

అమ్మలారా, ఈ ధనుర్మాసంలో ఆ స్టిక్కరు పీకేయండి. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా చేతిలో పిండి పోసి 5 చుక్కల ముగ్గు నేర్పండి. వంకర పోతే పోనివ్వండి, మీరు దిద్దకండి. ముగ్గు ఎలా వచ్చిందో చూసి మార్కులు వేయకండి, వేస్తున్నంతసేపూ ఎలా ఉందో అడగండి.