విద్యార్థి లఘుచిత్రాల ట్రైలర్, ప్రచారసామగ్రి: ప్రరోచనదృష్టితో పరిశీలన (ఉస్మానియా ప్రాంగణ నేపథ్యం)

వ్యాససంగ్రహం: విద్యార్థులు తీసే లఘుచిత్రాల మీద అంతో ఇంతో చర్చ జరుగుతున్నా, ఆ చిత్రాల ట్రైలర్లు, పోస్టర్లు, పరిచయవాక్యాలు విమర్శకుల దృష్టికి అరుదుగా వస్తాయి. చిత్రం పూర్తయ్యాక మిగిలిన సమయంలో చేసే పనిగానే వాటిని భావించడం పరిపాటి. భారతీయ నాట్యశాస్త్రంలోని ‘ప్రరోచన’ భావన ఆధారంగా ఈ ప్రచారరూపాల స్వభావాన్ని నిర్ణయించడం, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణ నేపథ్యంలో వాటి ప్రణాళికకు కొన్ని ప్రమాణాలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రరోచన, ఔచిత్యం, ట్రైలర్, పోస్టర్, లఘుచిత్రం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జార్జిరెడ్డి.

1. ఉపోద్ఘాతం

విద్యానగర్ నుంచి అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా ప్రాంగణంలోకి ప్రవేశించి తార్నాక వైపు సాగే దారిలో గోడలే ప్రధాన ప్రచారమాధ్యమాలు. విద్యార్థిసంఘాల సభాప్రకటనలు, శిక్షణసంస్థల కరపత్రాలు, సంస్మరణసభల ఫ్లెక్సీలు ఒకదానిమీద ఒకటి పరచుకొని ఉంటాయి. విద్యార్థి లఘుచిత్రం పోస్టర్‌కు కూడా ఆ గోడమీదనే చోటు దొరకాలి. దాని ట్రైలర్ చేతిఫోన్‌లో కోట్ల రూపాయల చిత్రాల ట్రైలర్ల పక్కన నిలబడాలి. ఈ రెండు పోటీల్లోనూ విద్యార్థి దగ్గర తారలు లేరు, ధనం లేదు. అందువల్ల పెద్దచిత్రాల ప్రచారభాషను అరువు తెచ్చుకోవడమే మార్గమని చాలామంది భావిస్తారు. డ్రోన్ దృశ్యం, గుండెలదిరే నేపథ్యసంగీతం, నినాదం, నెమ్మదించిన నడక, చివర శీర్షిక అనే వరుస ఆ విధంగా స్థిరపడింది.

ఈ అనుకరణను కేవలం అభిరుచిదోషంగా చూస్తే విషయం తేలదు. ట్రైలర్ ఎవరితో ఏమి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి ముఖాన్ని చూపి చెప్పాలి అన్న ప్రశ్నలు దీనిలో ఇమిడి ఉన్నాయి. వాటికి సమాధానం వెతకడానికి తెలుగు పరిశోధకుల చేతిలో ఇప్పటికే ఒక పరిభాష ఉంది.

2. ప్రరోచన: సంప్రదాయభూమిక

నాట్యశాస్త్రం పూర్వరంగాంగాలలో ప్రరోచనను పేర్కొన్నది. ధనంజయుడు దశరూపకంలో దీనిని భారతీవృత్తి అంగాలలో చేర్చి, ప్రశంస ద్వారా సామాజికులను ప్రదర్శనవైపు అభిముఖులను చేయడంగా నిర్వచించాడు. ఈ నిర్వచనంలో రెండు అంశాలు గమనార్హం. ప్రశంస సాధనం మాత్రమే. అభిముఖం చేయడం లక్ష్యం. అంటే ప్రరోచన సఫలమైందా లేదా అన్నది ప్రేక్షకుడి మనసు ఏ దిశకు మళ్లిందన్న దానిమీద ఆధారపడుతుంది.

అభిజ్ఞానశాకుంతల ప్రస్తావనలో నటి గ్రీష్మర్తువును గురించి పాడుతుంది. సూత్రధారుడు ఆ గానంలో లీనమై, తాము ప్రదర్శించవలసిన నాటకమేదో మరచిపోతాడు. నటి గుర్తు చేస్తుంది. దుష్యంతుడి కథ ఇక్కడ పెద్దగా బయటపడలేదు. అయినా మరపు, జ్ఞాపకం అనే నాటకకేంద్రం ప్రేక్షకుడి మనసులో అప్పుడే నాటుకుంది. వస్తువును దాచి భావాన్ని ముందుగా అందించడం ఉత్తమ ప్రరోచన లక్షణమని దీనివల్ల గ్రహించవచ్చు.

తెలుగు ప్రదర్శనకళలలో ఇందుకు దేశీయమైన ఉదాహరణ కూచిపూడి భామాకలాపం. సత్యభామ పాత్రధారి ముఖం చూపకముందే తెరమీదుగా జడ వేయడం అందులో ప్రసిద్ధం. ఆ జడ పాత్ర సౌందర్యాన్నీ, అతిశయాన్నీ, విద్వత్సభకు విసిరిన సవాలునూ ఒకేసారి సూచిస్తుంది. కళాకారుడు తాను నిలబెట్టుకోగలిగిన సవాలునే విసరాలి. లేకపోతే ఓటమి సభలోనే తేలిపోతుంది. వాగ్దానానికీ, సామర్థ్యానికీ మధ్య ఉండవలసిన ఈ పొందికనే క్షేమేంద్రుడి మాటలో ఔచిత్యం అనవచ్చు.

సినిమా వచ్చిన తరువాత ఈ పనిని పాటల పుస్తకం కొనసాగించింది. హాలు బయట తక్కువ ధరకు అమ్మిన ఆ చిన్నపుస్తకంలో పాటలతోపాటు కథాసంగ్రహం ఉండేది. కథ చిక్కుముడి పడే చోటుదాకా చెప్పి, మిగిలినది వెండితెరమీద చూడమని ముగించడం దాని రివాజు. ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ రచయితల పేర్లు చాలావరకు మరుగున పడ్డాయి. అయినా ట్రైలర్ కూర్పరి ఎదుర్కొనే ప్రధానసమస్యను వారు ముందే ఎదుర్కొన్నారు.

3. ఆకర్షణలు మూడు, నాలుగోది స్థలం

కృతిని చుట్టుకొని ఉండే శీర్షిక, ముందుమాట, ప్రకటన వంటివాటిని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ‘పారాటెక్స్ట్’ పేరుతో సిద్ధాంతీకరించాడు. పాఠకుడు కృతిలోకి అడుగుపెట్టే గడపలుగా ఆయన వీటిని చూశాడు. హాలీవుడ్ ట్రైలర్లను పరిశీలించిన లిసా కెర్నన్ 2004లో వెలువడిన గ్రంథంలో, వాటి ఒప్పించే శక్తిని కథ, ప్రక్రియ, తారాకర్షణ అనే మూడింటిగా విభజించింది.

విద్యార్థి చిత్రానికి ఈ విభజనను అన్వయిస్తే తారాకర్షణ మొదటే తొలగిపోతుంది. 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీడేస్’ను ఎక్కువమంది కొత్త నటులతో తీసినప్పుడు, ఒక నాయకుడికి బదులు మిత్రబృందమే ఆ చిత్రానికి గుర్తుగా నిలిచింది. తారలు లేని చోట బృందం ఆ స్థానాన్ని తీసుకోగలదని ఆ చిత్రం నిరూపించింది. ఉస్మానియా నేపథ్యచిత్రాలలో మాత్రం ఆ ఖాళీని తరచుగా స్థలం భర్తీ చేస్తుంది. మరింత స్పష్టంగా చెప్పాలంటే ఆర్ట్స్ కళాశాల భవనం భర్తీ చేస్తుంది.

1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయానికి 1939లో ప్రారంభమైన ఈ గ్రానైట్ భవనం చిహ్నంగా మారింది. 1969, 2009 ఉద్యమాల జ్ఞాపకం కూడా ఆ ఆవరణతో ముడిపడి ఉంది. కాబట్టి దానిని చూపగానే చరిత్ర, పోరాటం, యౌవనం అనే అర్థాలు వాటంతట అవే వచ్చి చేరతాయి. సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఆకాశంనుంచి చూసిన ఆర్ట్స్ కళాశాల ఏ కథకైనా సరిపోతుంది. ఏ కథకైనా సరిపోయే దృశ్యం ఏ ఒక్క కథనూ ప్రత్యేకించి పరిచయం చేయలేదు. తారను చూపి కథను దాచిపెట్టే వాణిజ్య ట్రైలర్‌కు ఇది స్థలరూపంలో పునరావృత్తి.

4. ప్రచారదశలోనే తీర్పు: జార్జిరెడ్డి ఉదాహరణ

ఉస్మానియాలో భౌతికశాస్త్రం చదివి, పరిశోధకుడిగా, విద్యార్థినాయకుడిగా గుర్తింపు పొందిన జార్జిరెడ్డి 1972 ఏప్రిల్ 14న ప్రాంగణంలో హత్యకు గురయ్యాడు. ఆయన జీవితం ఆధారంగా జీవన్‌రెడ్డి దర్శకత్వంలో, సందీప్ మాధవ్ ప్రధానపాత్రలో రూపొందిన ‘జార్జిరెడ్డి’ 2019 నవంబరు 22న విడుదలైంది. చిత్రణను గురించిన వాదోపవాదాలు విడుదలకు ముందే మొదలయ్యాయి. చిత్రం ఇంకా చూడనివారు ప్రచారదృశ్యాల ఆధారంగానే పక్షాలు నిర్ణయించుకున్నారు.

దీనికి కారణాన్ని వ్యక్తులకన్నా రూపంలో వెతకడం ఉచితం. రెండు నిమిషాల కూర్పులో పోరాటదృశ్యం సులభంగా ఇముడుతుంది. దెబ్బ, పరుగు, మంట, అరుపు ఒక్కొక్కటి క్షణంలో అర్థమవుతాయి. ఆలోచనకు ఆ వెసులుబాటు లేదు. ప్రయోగశాలలో గడిచిన రాత్రి, సహచరుడితో జరిగిన సుదీర్ఘ చర్చ, పుస్తకపఠనం ముక్కలుగా కోస్తే అర్థం కోల్పోతాయి. కాబట్టి ఏ మేధావి జీవితమైనా ట్రైలర్‌లోకి వచ్చేసరికి కార్యవీరుడి జీవితంగా కుదించుకుపోయే ప్రమాదం ఆ రూపంలోనే ఉంది. ఫిల్మ్స్ డివిజన్ కోసం ఫాలీ బిలిమోరియా తీసిన ‘క్రైసిస్ ఆన్ ది క్యాంపస్’ డాక్యుమెంటరీలో జార్జిరెడ్డి స్వయంగా మాట్లాడతాడు. మాట్లాడుతున్న మనిషిని చూపడం, పోరాడుతున్న మనిషిని చూపడం అనే ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న దూరాన్ని ప్రాంగణచిత్రం తలపెట్టే ప్రతి విద్యార్థీ గమనించాలి.

చిత్రం చూసేవారికన్నా ట్రైలర్ చూసేవారు ఎప్పుడూ ఎక్కువే. చూడనివారి దృష్టిలో ట్రైలరే చిత్రం. వాణిజ్యచిత్రం ఈ నష్టాన్ని భరించగలదు. విద్యార్థి చిత్రం విషయంలో ఆ భారం ఎవరిమీద పడుతుందో తరువాతి భాగం పరిశీలిస్తుంది.

5. ప్రణాళిక: ఒక ఊహాత్మక నమూనా

పన్నెండు నిమిషాల లఘుచిత్రాన్ని ఊహించుకుందాం. ఉస్మానియా వసతిగృహంలో ఒక పరిశోధక విద్యార్థి. అతడి గదిలో నేలమీద పడుకొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే అతడి ఊరివాడు. ప్రాంగణభాషలో ఇతడు నాన్‌బోర్డర్. గది ఖాళీ చేయించే తనిఖీ రాబోతున్నదన్న వార్త కథకు ప్రేరణ.

5.1 నిడివి: రెండున్నర గంటల చిత్రానికి రెండున్నర నిమిషాల ట్రైలర్ వేస్తే బయటపడేది అరవయ్యో వంతు. పన్నెండు నిమిషాల చిత్రానికి రెండు నిమిషాలు వేస్తే ఆరో వంతు బయటపడుతుంది. కాబట్టి నలభై, యాభై సెకండ్లకు మించని కూర్పు ఇటువంటి చిత్రానికి తగినది.

5.2 దృశ్యాల ఎంపిక: అలవాటైన పద్ధతిలో ఈ ట్రైలర్ ఆర్ట్స్ కళాశాలమీదుగా ఎగిరే డ్రోన్‌తో మొదలై, ఊరేగింపుతో ముగుస్తుంది. ఈ కథలో ఊరేగింపే లేదు. దీనికి బదులు ఒకే కంచంలో ఇద్దరు అన్నం కలుపుకోవడం, గుమ్మం బయట ఉన్న రెండు జతల చెప్పులలో ఒక జతను లోపలికి లాగే చెయ్యి, దీపం ఆర్పిన గదిలో ఫోన్ వెలుగుకు చదువుతున్న పుస్తకం, తలుపుమీద తట్టిన శబ్దం చాలు. తలుపు తెరుచుకోకముందే శీర్షిక పడాలి. చెప్పులు దాచే ఆ చెయ్యి ఈ చిత్రానికి సత్యభామ జడ వంటిది. చిత్రభావం మొత్తం అందులో ఉంది; కథాఫలితం ఏమాత్రం లేదు.

5.3 కాలం: ఇటువంటి దృశ్యాలు ఎడిటింగ్ బల్లమీద దొరకవు. స్క్రిప్టు దశలోనే ‘ట్రైలర్‌కు పనికివచ్చే క్షణాలు’ అని గుర్తించి, వాటిని రెండు కోణాల్లో చిత్రీకరించుకోవాలి. తట్టిన శబ్దాన్ని సంభాషణ కలవకుండా విడిగా రికార్డు చేసుకోవాలి. నిశ్చలచిత్రాలు తీసే బాధ్యత షూటింగ్ మొదటిరోజునుంచే ఒకరికి అప్పగించాలి. వీడియోనుంచి కత్తిరించిన ఫ్రేము పోస్టర్ పరిమాణానికి పెంచితే మసకబారడం సర్వసాధారణం.

5.4 అనుమతి: ఈ నమూనాలో అసలైన చిక్కు ఇదే. నటుడికి బదులు నిజమైన నాన్‌బోర్డర్ తన గదిలోనే కెమెరా ముందుకు వచ్చాడనుకుందాం. శాఖ సెమినార్ గదిలో వందమంది ఎదుట ప్రదర్శనకు అతడు ఒప్పుకొని ఉండవచ్చు. అక్కడ పన్నెండు నిమిషాలు చూసినవారికి అతడి ఇబ్బంది అర్థమవుతుంది. ట్రైలర్ అయితే వాట్సాప్‌లో సందర్భం లేకుండా ప్రయాణిస్తుంది. వసతిగృహ అధికారికీ చేరుతుంది. చిత్రం ఎవరి పక్షాన మాట్లాడదలచిందో, దాని ప్రచారం ఆ మనిషినే గదినుంచి వెళ్లగొట్టే సాక్ష్యంగా మారగలదు. అందువల్ల చిత్రానికి ఇచ్చిన అనుమతిని ట్రైలర్‌కూ, పోస్టర్‌కూ ఇచ్చినట్లు భావించకూడదు. కూర్పు చూపించి మరోసారి అడగడం కనీసధర్మం. చేతులు, చెప్పులు, చప్పుడు చూపే పద్ధతి కళాపరంగా మేలైనదే కాక, మనిషికి రక్షణ కూడా.

6. పోస్టర్, శీర్షిక, పరిచయవాక్యం

పోస్టర్‌మీద తెలుగు శీర్షికను ఆంగ్లలిపిలో ముద్రించడం విస్తృతంగా కనిపిస్తుంది. తెలుగుశాఖ, జర్నలిజంశాఖ విద్యార్థుల చిత్రాలైనా చేతిరాతతో తెలుగు అక్షరాలను రూపొందించుకుంటే, గోడమీది ముద్రితప్రకటనల మధ్య ఆ అక్షరమే ప్రత్యేకతను ఇస్తుంది. ఆంగ్లలిపిని కింద చిన్నగా ఉంచవచ్చు. నాలుగడుగుల దూరంనుంచి శీర్షిక, ప్రదర్శన తేదీ, స్థలం చదవగలిగేలా ఉండాలి. నడుస్తూ చూసేవారికి మూడు సమాచారాలకు మించి అందవు.

చలనచిత్రోత్సవాలకు పంపే పరిచయవాక్యం మరో పరీక్ష. ‘స్నేహం, ఆశయం, పోరాటాల కథ’ వంటి వాక్యం అన్ని చిత్రాలకూ వర్తిస్తుంది. ‘తనిఖీ జరిగే రాత్రి ఒక విద్యార్థి తన గదిలోని రెండో మనిషిని ఎక్కడ దాచాలి’ అన్న వాక్యం ఈ ఒక్క చిత్రానికే చెందుతుంది. సంగీతం విషయంలోనూ ఇదే విచక్షణ అవసరం. ప్రసిద్ధ సినీగీతాన్ని వాడితే హక్కుల అభ్యంతరంతో యూట్యూబ్‌లో ట్రైలర్ ఆగిపోవచ్చు; ఆగకపోయినా ఆ పాట వేరే చిత్రాన్ని గుర్తుచేస్తుంది.

ప్రదర్శనవేదికను బట్టి కూడా ప్రచారం మారాలి. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో తెలంగాణ భాషాసాంస్కృతికశాఖ నిర్వహించిన ‘సినివారం’ వంటి వేదికలు యువదర్శకుల చిత్రాలకు చోటిచ్చాయి. అటువంటి చోటికి వచ్చే ప్రేక్షకులు కొద్దిమంది. అయితే చూసిన తరువాత మాట్లాడేవారు. లక్షల వీక్షణలను ఆశించి చేసిన ట్రైలర్‌కన్నా, ఆ కొద్దిమందిని ఉద్దేశించి చేసినది విద్యార్థికి ఎక్కువ ఉపకరిస్తుంది.

7. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. విద్యార్థి చిత్రం ట్రైలర్‌ను అమ్మకపు ప్రకటనగా కాక, ప్రేక్షకుణ్ని అభిముఖం చేసే ప్రరోచనగా గ్రహించడం సమంజసం.

2. తారలు లేని లోటును ఆర్ట్స్ కళాశాల వంటి చిహ్నంతో పూరిస్తే కథ మరుగున పడుతుంది. ప్రాంగణాన్ని అందులో బతికేవారి ఎత్తునుంచి చూపడమే ఉచితం.

3. ట్రైలర్ రూపం ఆలోచనకన్నా చర్యకు అనుకూలమైనది. ఆ వాలును గుర్తించకపోతే వ్యక్తిచిత్రణ కుంచించుకుపోతుంది.

4. ప్రచారప్రణాళిక స్క్రిప్టు దశలోనే మొదలుకావాలి. ప్రచారంలో కనిపించే వ్యక్తుల అనుమతిని విడిగా పొందాలి.

విద్యార్థిప్రాజెక్టులను మూల్యాంకనం చేసే శాఖలు చిత్రంతోపాటు ట్రైలర్‌నూ, పోస్టర్‌నూ కూడా విమర్శనాత్మకంగా చర్చించడం అవసరం. మార్కులు వేసే గది దాటి, ఆ చిత్రంలోని మనుషుల జీవితాల్లోకి ముందుగా వెళ్లేవి అవే.