తల్లి చెప్పు లెక్క

పుట్టినవారి పేరును, పోయినవారి పేరును రిజిస్టరున కెక్కని సీమలలో ఏటేట ఎందరు శిశువులు గతించుచున్నారో తెలియుట యెట్లను ప్రశ్నకు, తూర్పు ఆఫ్రికా గణాంక శాఖలో కొంతకాలము పనిచేసిన విలియం బ్రాస్ అను స్కాట్లండు దేశీయుడు 1960 దశకమున చూపిన సమాధానము నా దృష్టిలో జనాభా శాస్త్రమునకే వన్నె తెచ్చినది. రిజిస్టరు లేనిచోట తల్లి కలదు. ఎందరు బిడ్డలను కంటిరి, వారిలో ఎందరు బ్రదికియున్నారు అని ఆమెనే అడుగవలెను. 20 మొదలు 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలు కన్న బిడ్డలలో గతించినవారి పాలు, శిశువు రెండేండ్లు నిండకముందే మరణించు సంభావ్యతకు చేరువగా నుండుననియు, 30 మొదలు 34 ఏండ్లవారి విషయమున అది అయిదేండ్లలోపలి మరణములను తెలుపుననియు గణించి, కాన్పులు ఏ వయస్సున మొదలైనవో దానినిబట్టి సవరించుకొనుటకు గుణకములను గూడ ఆయన సమకూర్చెను.

గణితము సూక్ష్మమైనదే, కాని కష్టమంతయు అడుగుటలో నున్నది. పురిటిలోనే పోయిన పసికందును తల్లి తరచుగా లెక్కలో చేర్చదు. మరచి కాదు, అపరిచితుని యెదుట ఆ మాట యెత్తుటకు మనసొప్పక. అత్తవారింటికి పోయిన కూతురును జారిపోవచ్చును. అందుచేత సర్వేకు పోవువారు మొత్తమెంతయని యడుగక, మీతోనున్న కొడుకులెందరు, కూతుండ్రెందరు, వేరుచోట నున్నవారెందరు, పుట్టి యొకసారి ఏడ్చి, కొన్ని గంటలకో దినములకో దక్కకపోయిన బిడ్డ యెవరైన గలరా యని వరుసగా అడుగుదురు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోను ఈ వరుసయే కానవచ్చును. ఆ కడపటి ప్రశ్నను తొందరపడి అడిగిన వానికి నిజము దొరకదు. ఓర్పును, మెత్తని మాటయు ఈ శాస్త్రమున గుణకములతో సమానమైన పనిముట్లని నేను దృఢముగా నమ్ముదును.

చెప్పిన లెక్కను పరీక్షించుటయు కలదు. వయస్సు పెరిగినకొలది స్త్రీలు కన్న బిడ్డల సగటు పెరుగవలెను. వృద్ధుల సగటు వారికంటె చిన్నవారి సగటుకు తగ్గియున్నచో, చెప్పక విడిచిన బిడ్డలు కలరని అనుమానింపవలెను. నూరుగురు ఆడుబిడ్డలకు సుమారు 105 మంది మగబిడ్డలు పుట్టుట ప్రకృతి. ఆ నిష్పత్తి మగవారివైపు మిక్కిలిగా మొగ్గినచోట, విడువబడినవారు కూతుండ్రని తెలియును.

అయినను ఒక లోపము తీరదు. తల్లియే మరణించినచో ఆమె బిడ్డలను గూర్చి చెప్పువారుండరు. ఎయిడ్సు ప్రబలిన ఆఫ్రికా దేశములలో తల్లీబిడ్డలు ఇరువురును పోయిన యిండ్లు పెక్కు గనుక, అచ్చట ఈ పద్ధతి చూపిన మరణములు వాస్తవముకంటె తక్కువైనవి. పెద్దల మరణములను కొలుచుటకు బ్రాస్ వేరొక మార్గము త్రొక్కెను: ఈసారి బిడ్డలనే, మీ తల్లి బ్రదికియున్నదా యని అడిగించెను.