నేరము – శిక్ష: దోషియైన మనస్సు

దోస్తయేవ్‌స్కీ 1866లో ప్రకటించిన 'నేరము – శిక్ష' యను నవల ఆరు భాగముల గ్రంథము. హత్య మొదటి భాగముననే ముగియును. తక్కినదంతయు శిక్షయే, దానిని విధించునది న్యాయస్థానముకంటె ముందు హంతకుని మనస్సు.

రస్కోల్నికోవు అను బీద యువకుడు తాకట్టు వ్యాపారము చేయు వృద్ధురాలిని, అడ్డువచ్చిన యామె సవతిచెల్లెలు లిజవేతను గొడ్డలితో చంపును. మఱునాడు ఠాణానుండి పిలుపు వచ్చును. అది యింటి యజమానురాలి బాకీకొఱకే. అచ్చట నితరులు హత్యను గూర్చి మాటాడుకొనగా విని యతడు మూర్ఛిల్లును. అంతవఱ కెవ్వరికిని లేని యనుమాన మా మూర్ఛతో మొలకెత్తినది. గుమ్మడికాయల దొంగ భుజములు తడుముకొనుట యన నిదియే. దోచిన సొమ్మును రాతిక్రింద దాచును గాని, సంచిలో నెంత యున్నదో చూడనైన చూడడు. తల్లిని, చెల్లెలిని విడనాడి తన్ను తాను హింసించుకొనును.

ఇది పశ్చాత్తాపమా? కాదని నా యభిప్రాయము. నిరపరాధియైన లిజవేతను తాను తలంపకుండుటకు అతడే యొకచో నాశ్చర్యపడును. ఆత్మహింసలో తానే యున్నాడు గాని, చచ్చినవారు లేరు. అందుచేతనే సోన్యా యతనిని ఉపవాసముండుమనదు. నాలుగు దారులు కలియుచోట నిలిచి, అందఱు వినునట్లు దోషము నొప్పుకొనుమనును.

మన యిండ్లలోను దాయాదిని వంచించి తీర్థములాడువారు, విధవయైన వదినె నగలు హరించి యేకాదశీవ్రతములు సల్పువారు గలరు. నిద్ర పట్టదని వారు వాపోవుదురు. నగలు తిరిగి యిచ్చినవా రెందఱు?