ఊక కలిపిన మూస

నర్మెట్ట వైపు కమ్మరి కొలిమిలో ఇవాళ లారీ కమాను బద్దే కొడవలి అవుతోంది. ఉక్కంటే బయటి నుంచి వచ్చేదేనని అలవాటు పడిపోయాం. పద్దెనిమిదో శతాబ్దం చివర మాత్రం మన దగ్గరి ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చి కూర్చునేవారు. వాళ్లు వచ్చిన ఊరు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముందర్.

ఉక్కు గొప్పతనాన్ని చాలామంది కత్తిలో చూస్తారు. నాకు మూసలో కనిపిస్తుంది. మట్టిలో వరి ఊక కలిపి చేసిన చిన్న పాత్ర అది. మంటకు ఊక మాడినా అందులోని సిలికా, బొగ్గు గోడలో మిగిలిపోతాయి. మట్టిలో ముల్లైట్ అనే సూదిమొన స్ఫటికాలు పుట్టి, గడ్డి కలిపిన గోడలా పాత్రను బిగించి పట్టుకుంటాయి. ఇరవయ్యో శతాబ్దంలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవారు ఈ పనితనానికి ఆశ్చర్యపోయారు. మన రైతు కల్లంలో వదిలేసిన ఊక అది!

మూసలో రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుము కలిపి, మూత పెట్టి, తిత్తులు ఊదుతూ రాత్రింబగళ్లు కాచేవారు. శుద్ధ ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. కర్బనం చేరేకొద్దీ ఆ అంకె దిగుతుంది. కరిగినదాన్ని కొలిమిలోనే మెల్లగా చల్లారనిచ్చేవారు. తొందరపడితే పని చెడేది. ఆ ముద్దకు మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాస్తేనే సుత్తికి లొంగేది. 1820లలో భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ ఇదంతా కళ్లారా చూసి రాశాడు.

ఇనుముకూ ఉక్కుకూ తేడా కర్బనమేనని పారిస్ శాస్త్రవేత్తలు తేల్చింది 1786లో. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ 'వూట్జ్' పేరుతో ఇలాంటి ఉక్కునే లండన్‌కు పంపాడు. ఆ పేరు మన 'ఉక్కు' మాట నుంచి వచ్చిందేనంటారు. మరుసటేడు దాన్ని పరీక్షించిన జార్జ్ పియర్సన్, ఖనిజం నుంచి నేరుగా తీసిందనుకున్నాడు. మూసలో జరిగే పని ఆయన ఊహకు అందలేదు. కర్బనమనే పేరు తెలియని మన కమ్మరి, దాన్ని ఎంత చేర్చాలో చేతి లెక్కతో ఎరుగు.

ఉత్తర తెలంగాణ చెలకల్లో ఇనుప చిట్టెం, మూస పెంకులు ఇప్పటికీ పైకి తేలుతుంటాయి. మీ నాగలికి తగిలితే గట్టు మీదికి విసిరేయకండి. బడిలో సైన్స్ పంతులుకు చూపించండి.