గోడగడియారము వెల

ఈ వారము మా బంధువులలో నొక చిరంజీవి ఒక గోడగడియారమును మోసికొని వచ్చి, “బాబాయిగారూ, ఇది నూరేండ్లనాటి జర్మను గడియారమట, పెట్టిన వెల సరిపోవునో లేదో మీరే చూడండి” అని నా ముందుంచినాడు. నల్లని పెట్టె, దానిపై చెక్కిన గుఱ్ఱపు బొమ్మ, రోమను అంకెలు, ఇత్తడి లోలకము; చూపునకు లోపమేమియు లేదు. తలుపు తెఱచి, ఊగుచున్న లోలకమును వ్రేలితో నాపితిని. ముండ్లు మాత్రము ఆగలేదు. లోపల నొక బ్యాటరీ యంత్రము వానిని త్రిప్పుచుండ, లోలకమును వేఱొక అయస్కాంతము ఊపుచున్నది. ఆ వస్తువును అందమైనదని అమ్మినచో నాకు అభ్యంతరము లేదు; పాతదని అమ్ముట నన్ను బాధించినది.

1656లో హాలండునందు హ్యూగెన్స్ గడియారమునకు లోలకమును కూర్చిన నాటినుండి అది అలంకారము కాదు, యంత్రమునకు ఏలిక. అది అటునిటు ఒకమాఱు ఊగినపుడెల్ల చక్రము ఒక్కొక్క పన్ను చొప్పున ముందునకు జరుగును. అది ఆగిన సమస్తమును ఆగును. ఇంచుమించు మీటరు పొడవుగల లోలకము అటునుండి యిటు పోవుటకు ఒక సెకను పట్టును; దానిని ఒక్క మిల్లీమీటరు పొడిగించినచో గడియారము దినమునకు 43 సెకనులు వెనుకబడును. ఇత్తడి కడ్డీయైనచో, పది డిగ్రీల వేడి హెచ్చగానే దినమునకు ఎనిమిది సెకనులు జాఱిపోవును గనుక, మంచి పనివారు కఱ్ఱ కడ్డీని వాడిరి. మన రోహిణికార్తెలో ఈ భేదము స్పష్టముగా తెలియును.

ఇక పుట్టుక నెఱుగుటకు ముఖమును నమ్మరాదు. దానిపై నున్న పేరు అమ్మిన అంగడివారిది కావచ్చును. యంత్రమును బయటకు తీసి వెనుక పలకను చూడవలెను. ఎనిమిది కోణముల నక్షత్రములో ‘జె’ అక్షరమున్నచో 1861లో ష్రాంబర్గులో మొదలైన యుంగ్‌హన్స్ వారిది. అడ్డముగా కలిసిన రెండు బాణములున్నచో హాంబర్గు అమెరికను కంపెనీది. గుస్తావ్ బెకర్ వారిదైనచో వరుససంఖ్యనుబట్టి కాలమును అంచనా కట్టవచ్చును. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అను ముద్ర నాణ్యతకు గుఱుతని మనవారి నమ్మకము గాని, దానిని వ్యాప్తికి తెచ్చినది విదేశపు సరకు స్వదేశపుదని కొనువారు భ్రమింపకుండుటకై 1887లో బ్రిటనులో చేసిన చట్టము. ప్లస్ గుర్తు తలల మరమేకులు 1930 దశాబ్దిలోగాని వాడుకకు రాలేదు. అంతకు పూర్వపు గడియారమున అవి కనబడినచో, ఏదో మార్పు జరిగినదని గ్రహింపవలెను.

మా యింట సీకోషావారి గడియారముండెడిది. టోక్యోలో 1892లో హత్తొరి కింతారో స్థాపించిన ఆ కర్మాగారము మొదట చేసినవి గోడగడియారములే. ఏటేట దానిని బాగుచేయుటకు ఒక సాయెబుగారు వచ్చెడివారు. కంటికి భూతద్దము బిగించుకొని, చక్రములను కిరసనాయిలులో కడిగి, ఇరుసుల కొనలకు సూదిమొనతో నూనె నంటించి, పెట్టెను మరల గోడకు తగిలించిన పిమ్మట కన్నులు మూసికొని వినెడివారు. టిక్కునకును టక్కునకును నడుమ ఎడము సమమగువఱకు పెట్టెను వెండ్రుకవాసి అటునిటు జరిపి, సమమైనచోట గోడపై పెన్సిలుతో గీత గీచెడివారు. అంతకుముందే వెనుక పలకపై ఉర్దూ అంకెలతో తేదీని సూదితో చెక్కియుండెడివారు. అసలు పెట్టెను చెదలు తినివేయగా, మా యూరి వడ్రంగి పాత టేకుపలకలతో క్రొత్తది చేసినాడు. ఆ పలకలలోని పాత మేకుల రంధ్రములు యంత్రమునకు సరిపడకపోగా క్రొత్తవి తొలిచినాడు, పాతవానిని మూయలేదు.

ఇంతవఱకు చదివినవారు, ముద్రయు సంఖ్యయు ఒకే పుట్టుక గల పెట్టెయు నున్నదానికే విలువ యని నేను తేల్చుదునని యెంచియుందురు. సేకరించువారి లెక్క అదియే. పెట్టె యొకరిది, యంత్ర మింకొకరిది యైన గడియారమునకు వారు వెల బాగుగా తగ్గించెదరు. ఆ లెక్కను మన యిండ్లకు వర్తింపజేయుటకు నా మనస్సు ఒప్పదు. మోసము చేయువాడు పాత రంధ్రములను లప్పముతో పూడ్చి రంగు పూయును. బాగుచేయువాడు వానిని అట్లే విడుచును. ఆ తెఱచియున్న రంధ్రములు, ఆ చెక్కిన తేదీలు, గడియారము పనిచేయుచు బ్రదికినదనుటకు సాక్ష్యములు. అంగడిలో ఎంత తక్కువ పలికినను, చేతులు మాఱని, కీ యియ్యని నిర్దోషమైన గడియారముకంటె నేను దానికే యెక్కువ విలువ కట్టుదును.

పాత వస్తువులకు వార్నీషు పూయరాదను నా పట్టుదల ఈ శీర్షికను చదువువారికి క్రొత్త గాదు. ఈమాఱు ఇంకొకటి చేర్చుచున్నాను. మీ యింట కీ గడియారమున్నచో, దాని వెనుక పలకకు మెఱుగు పెట్టింపకుడు. అమ్మదలచినచో, కొనువానికి ముందుగా ఆ పలకనే చూపుడు. చిరంజీవి కొన్నదానిని తిరిగి ఇచ్చివేయుమంటిని.