చేతులు కడిగినా జలుబెందుకు?

పడిశం పది రోగాల పెట్టు అన్నారు మన పెద్దలు. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న హాస్యం కూడా మీరు వినే ఉంటారు. ఇంత సామాన్యమైన జబ్బు గురించి శాస్త్రజ్ఞులు ఎప్పుడో అంతా తేల్చేసి ఉంటారని మనం అనుకుంటాం. కాని జలుబు ఒకరి నుంచి మరొకరికి ఏ దారిన చేరుతుందన్న చిన్న ప్రశ్న మీద వారు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదన సంగతి మీ తరగతి గది గోడకు వేలాడే ఆరోగ్య సూత్రాల చార్టుకు మాత్రం తెలియదు. ఆ చార్టును ఈసారి కాస్త విమర్శనాదృష్టితో చదువుదాం, రండి.

నన్ను ఈ ఆలోచనలో పడేసింది ఖరగ్‌పూర్‌లోని ఒక మూడో తరగతి పాప. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. గోల్‌బజార్‌లోనూ నింపురాలోనూ నడుస్తుంటే బెంగాలీ, హిందీలతోపాటు మన ఉత్తరాంధ్ర యాస కూడా చెవిన పడుతుంది. నాకు వరసకు అక్క అయ్యే ఒకామె ఆ ఊళ్ళో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఒక జనవరిలో వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆమెకు ఆ చలికాలంలో అది మూడో రొంప.

ఆమె అజాగ్రత్త మనిషా అంటే కానే కాదు. సంచిలో సొంత సబ్బు, సొంత మంచినీళ్ళ సీసా, రెండు చేతిరుమాళ్ళు ఉంటాయి. సుద్దముక్కలు కూడా వేరే డబ్బాలో పెట్టుకుంటుంది. పీరియడ్ అయిందంటే చేతులు కడగాల్సిందే. అయినా రొంప వదలలేదు. ఒకరోజు ఆ పాప లేచి నిలబడి అడిగిందట: "టీచర్, చేతులు కడుక్కుంటే జలుబు రాదని మీరే చెప్పారు కదా, మరి మీకెందుకు వచ్చింది?"

అక్క నవ్వేసి ఊరుకుంది. కాని అది నవ్వేసి ఊరుకోదగిన ప్రశ్న కాదు. జవాబు చెప్పకపోతే ఆ పాప తనంతట తానే రెండింటిలో ఒక నిర్ణయానికి వస్తుంది. టీచరు చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదన్నది ఒకటి. పుస్తకంలో ఉన్నది అబద్ధమన్నది రెండోది. మొదటిది టీచరుకు అన్యాయం. రెండోది విజ్ఞానశాస్త్రానికే అన్యాయం. నిజానికి ఆ పాఠం అబద్ధం కాదు, అసంపూర్ణం.

చార్టులో ఉన్నది, లేనిది

చార్టులో ఏముంటుంది? గోళ్ళు కత్తిరించుకోవాలి, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి, తుమ్మేటప్పుడు రుమాలు అడ్డం పెట్టుకోవాలి, ఎక్కడపడితే అక్కడ ఉమ్మరాదు. అన్నీ మంచి మాటలే. కలరా, టైఫాయిడ్, నీళ్ళ విరేచనాలు మలినమైన చేతుల ద్వారా, నీటి ద్వారా వ్యాపిస్తాయి. చేతులు కడిగే అలవాటు నేర్పితే పిల్లల్లో విరేచనాలు సుమారు 30 శాతం తగ్గినట్టు అనేక ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. కాబట్టి సబ్బును తక్కువ చేయవద్దు.

మరి జలుబు, దగ్గు, ఫ్లూ వంటి శ్వాసకోశ వ్యాధుల మాటేమిటి? కోక్రేన్ సంస్థ 2023లో ప్రచురించిన సమీక్ష ప్రకారం చేతుల శుభ్రత వల్ల ఇవి సుమారు 14 శాతం తగ్గుతాయి. అంటే 100 సార్లు రావలసిన చోట 86 సార్లు వస్తాయన్నమాట. పైసా ఖర్చులేని పనికి ఆ లాభం తక్కువేమీ కాదు. కాని ఆ 86 ఏ దారిన వస్తున్నాయో చార్టు చెప్పదు.

రెండు ప్రయోగాల కథ

జలుబు కలిగించే వైరస్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది రైనోవైరస్. గ్రీకు భాషలో రైనో అంటే ముక్కు. దీనిలో 160కి పైగా రకాలున్నాయి. ఒక రకానికి మన శరీరం రోగనిరోధక శక్తి సంపాదించుకుంటే మరో రకం సిద్ధంగా ఉంటుంది.

1978లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. జలుబు ఉన్నవారి చేతులను ఆరోగ్యవంతులు తాకి, తరువాత తమ ముక్కును, కళ్ళను తాకారు. ఇలా చేసిన 15 మందిలో 11 మందికి వైరస్ సోకింది. గాలి ద్వారా, తుంపరల ద్వారా సోకుతుందేమోనని పరీక్షించిన 22 మందిలో మాత్రం ఒక్కరికే సోకింది. ఇంకేముంది, జలుబు చేతుల జబ్బేనన్న మాట పాతుకుపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ప్రయోగం నిజంగా ఏం నిరూపించింది? చేతుల ద్వారా జలుబు రాగలదని. నిత్యజీవితంలో ఎక్కువగా అలాగే వస్తుందని కాదు. పైగా అందులో పాల్గొన్నవారు కావాలనే ముక్కు, కళ్ళు తాకారు.

1987లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ డిక్, ఆయన సహచరులు మరో విధంగా పరీక్షించారు. జలుబు ఉన్నవారినీ లేనివారినీ ఒకే గదిలో కూర్చోబెట్టి గంటల తరబడి పేకాట ఆడించారు. లేనివారిలో సగం మంది చేతులు ముఖాన్ని తాకకుండా పట్టీలో, మెడచుట్టూ వెడల్పాటి పళ్ళేలవంటి కాలర్లో అమర్చారు. మిగతా సగం మందిని స్వేచ్ఛగా వదిలేశారు. జలుబు చేతుల జబ్బే అయితే పట్టీలు కట్టినవారికి రాకూడదు కదా? స్వేచ్ఛగా ఉన్న 18 మందిలో 12 మందికి సోకితే, ముఖాన్ని తాకలేని 18 మందిలో 10 మందికి సోకింది! తరువాత జలుబు రోగులు ఆడి తడిపిన పేకముక్కలను మరో గదిలోని 12 మందికిచ్చి ఆడించారు. వారిలో ఒక్కరికీ జలుబు రాలేదు.

ఈ ప్రయోగానికీ పరిమితులున్నాయి. పాల్గొన్నవారు కొద్దిమందే. అందరూ పెద్దవాళ్ళు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే పక్కవాడి పెన్సిల్ అందుకునే పిల్లల ప్రవర్తన పెద్దలకు ఉండదు. కాని ఒక విషయం గమనించండి. చేతుల సిద్ధాంతానికి పుట్టినిల్లయిన వర్జీనియాలోనే 2012లో మరో పరిశోధన ఫలితాలు వచ్చాయి. క్రిమిసంహారక ద్రవంతో క్రమం తప్పకుండా చేతులు శుభ్రం చేసుకున్నవారిలో రైనోవైరస్ సోకడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నిత్యజీవితంలో చేతుల పాత్ర మనం అనుకున్నంత లేదేమోనని ఆ పరిశోధకులే సందేహించవలసి వచ్చింది.

పోపు ఘాటు ఎలా వస్తుంది?

వంటింట్లో అమ్మ ఎండుమిరపకాయలతో పోపు వేసిందనుకోండి. వీధి అరుగు మీద కూర్చున్న తాతగారు దగ్గుతారు. ఆయన చేతులు ఎంత శుభ్రంగా ఉంటే మాత్రం ఏం లాభం? ఘాటు గాలిలో వచ్చింది, ఊపిరితో లోపలికి వెళ్ళింది.

మనం మాట్లాడినా, పాడినా, దగ్గినా ముక్కు నోళ్ళ నుంచి తుంపరలు వస్తాయి. వీటిలో పెద్దవీ ఉంటాయి, అతి చిన్నవీ ఉంటాయి. 100 మైక్రాన్ల బిందువు, అంటే మిల్లీమీటరులో పదోవంతు ఉన్నది, మనిషి ముఖం ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో నేలను చేరుతుంది. 5 మైక్రాన్ల కణం కదలని గాలిలో కిందికి దిగడానికి అరగంట పడుతుంది. గదిలో గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది గనుక ఇంకా ఎక్కువ సేపే తేలుతుంది. కిటికీలోంచి పడే ఎండలో సుద్దపొడి తేలడం మీరు చూశారు కదా, ఇదీ అంతే. రుమాలు పెద్ద తుంపరలను బాగానే పట్టుకుంటుంది. మామూలు మాటలతోపాటు వచ్చే సన్నని కణాలకు ఎవరూ రుమాలు అడ్డం పెట్టుకోరు.

గాలిని ఎందుకు మరిచాం?

ఒకప్పుడు చాలా రోగాలు చెడుగాలి వల్లనే వస్తాయని ఎంతోమంది నమ్మేవారు. ఆ నమ్మకంతో మురికినీటినీ మాసిన చేతులనూ పట్టించుకునేవారు కాదు. 1910లో చార్లెస్ చాపిన్ అనే అమెరికన్ ఆరోగ్యాధికారి దీన్ని ఎదిరిస్తూ పుస్తకం రాశాడు. రోగాలు ముఖ్యంగా స్పర్శ వల్ల, దగ్గరి తుంపరల వల్ల వస్తాయని ఆయన వాదం. గాలికి భయపడేవారు చేతులు కడగరని ఆయన బెంగ. ఆనాటికి అది అవసరమైన దిద్దుబాటే. కాని దిద్దుబాటు కాస్తా కొత్త మూఢవిశ్వాసమైంది. 1930లలో విలియం వెల్స్ సన్నని తుంపరలు ఆరిపోయి గాలిలో తేలగలవని చూపించాడు. అతినీలలోహిత దీపాలతో బడిగదుల గాలిని శుద్ధి చేసి తట్టు వ్యాప్తిని తగ్గించి చూపాడు కూడా. వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు.

దాని ఫలితం 2020లో కనిపించింది. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మార్చిలో గట్టిగా ప్రకటించింది. మనం తలుపుల గడియలు, కూరగాయలు కడుగుతూ కూర్చున్నాం. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖ రాసి, గాలిని పట్టించుకోమన్నారు. 2021లో ఆ సంస్థ తన మాట మార్చుకుంది. తప్పు దిద్దుకోవడం విజ్ఞానశాస్త్రానికి చిన్నతనం కాదు. ఆ దిద్దుబాటు బడిగోడ మీది చార్టుదాకా చేరకపోవడమే మన ఫిర్యాదు.

టీచర్లకే ఎందుకు?

ఒక చిన్న లెక్క వేద్దాం. పెద్దలకు ఏడాదికి రెండు మూడుసార్లు జలుబు వస్తే, చిన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు వస్తుంది. ఒక తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఆరు చొప్పున ఏడాదికి 240 జలుబులు. ఒక్కొక్కటి వారం ఉంటే, సగటున ఏ రోజు చూసినా నలుగురైదుగురికి జలుబు ఉంటుంది. చలికాలంలో ఇంకా ఎక్కువ. టీచరు ఒక గదితో ఆగదు. గంట మోగగానే మరో గదికి వెళ్ళాలి. వెనక బెంచీకి వినిపించేలా గొంతెత్తి చెప్పాలి. గొంతెత్తేవారు ఊపిరీ ఎక్కువగా పీల్చాలి.

ఖరగ్‌పూర్ వంటి జంక్షన్ ఊళ్ళో ఇంకొకటి కూడా ఉంది. సంక్రాంతికి స్వగ్రామాలకు వెళ్ళిన పిల్లలు రైలు దిగి మర్నాడే బడికి వస్తారు. వైరస్‌కు టిక్కెట్టు అక్కర్లేదు! ఆపైన చలి. నేను వెళ్ళిన రోజు అక్క తరగతిలో ఉత్తరపు కిటికీలు మూసి ఉన్నాయి. పైనున్న వెంటిలేటర్లకు పిచ్చుకలు దూరకుండా అట్టముక్కలు కొట్టారు. ఆ గదిలో నలభై మంది ఎక్కాలు చదువుతున్నారు. గోడమీద చార్టు ఉంది. గది బయట కుళాయి, సబ్బు ఉన్నాయి. గాలి మాత్రమే లేదు.

చార్టుకు చేర్చవలసిన వాక్యాలు

మొదటిది: ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచండి. చలి ఎక్కువైతే జానెడు తెరిచినా మేలే. ప్రతి పీరియడ్ తరువాత అన్నీ బార్లా తీయండి. ఇటలీలోని మార్కే ప్రాంతంలో సుమారు 10 వేల తరగతి గదులను పరిశీలించినప్పుడు, యంత్రాలతో గాలి మార్చే 300 పైచిలుకు గదుల్లో కోవిడ్ గణనీయంగా తగ్గినట్టు తేలింది. గాలి ఎంత ఎక్కువగా మారితే అంత తగ్గింది. మనకు ఆ యంత్రాలు లేకపోవచ్చు, కిటికీలున్నాయి.

రెండోది: జలుబు బాగా ఉన్న పిల్లలు రెండు రోజులు ఇంట్లో ఉండాలి. నూరు శాతం హాజరుకు బహుమతి ఇచ్చే బడి, తుమ్ముతూ వచ్చిన పిల్లవాణ్ణి మెచ్చుకుంటోందన్నమాట. టీచర్ల సెలవులకూ ఇదే న్యాయం వర్తించాలి.

మూడోది: వీలైనప్పుడు పాఠం చెట్టు కిందికి మార్చండి. అదే బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో రవీంద్రుడు 1901లో బడి పెట్టి చెట్ల నీడన పాఠాలు చెప్పించాడు. జలుబు కోసం కాకపోయినా, జలుబుకూ అది మంచిదే.

కళాశాల విద్యార్థులు ఒక పని చేయవచ్చు. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరం దొరికితే మీ గదిలో పెట్టి చూడండి. ఆరుబయట అది పది లక్షల భాగాల్లో సుమారు 425. మూసిన గదిలో వెయ్యి దాటిందంటే, మీరు పీల్చే గాలిలో కొంత భాగం పక్కవారు విడిచినదేనని అర్థం. ఈ కొలత వైరస్‌ను చూపదు, గాలి మారుతోందో లేదో చూపుతుంది. ఆ తేడా మీ నివేదికలో తప్పక రాయండి.

ఇన్ని చేసినా జలుబు మొత్తంగా పోదు. 160 రకాల వైరస్‌తో ఆ పందెం మనం గెలవలేం. కాని వచ్చినప్పుడు, వచ్చినవారిని శుభ్రత లేనివారని వేలెత్తి చూపకుండా ఉండగలం. ఖరగ్‌పూర్ పాప ప్రశ్నకు అక్క ఆ తరువాతి వారం జవాబు చెప్పిందట. "చేతులు కడుక్కోవడం సగం పాఠమే అమ్మా, మిగతా సగం నేనూ ఇప్పుడే నేర్చుకున్నాను. లే, ఆ కిటికీ తెరువు" అని.

మీ తరగతి గది కిటికీ తెరిచి ఉందా?